హీరోయిన్ ఆఫీసులో ఏం చేస్తుంది?

మొన్న నవంబరు మొదటి ఆదివారం, అంటే 2025 నవంబరు 2న, మా అమ్మా నేనూ టీవీలో ఓ సినిమా చూస్తున్నాం. చూస్తున్నాం అంటే.. అమ్మ చూస్తోంది. నేను ఆన్-కాల్‌లో ఉన్నాను కాబట్టి పక్కన లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, ఒళ్ళో చేటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తున్నాను. సినిమా పేరెందుకులెండి, మీరంతా ఒక డజను చూసే ఉంటారు అలాంటివి. అందులో హీరోయిన్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఎలా తెలుసంటే మెళ్ళో ట్యాగుంది, చేతిలో కాఫీ కప్పుంది, వెనకాల గాజు గోడలున్నాయి. కామెడీకి ఒక టీమ్ లీడరు కూడా ఉన్నాడు. ఆ పిల్ల ముందున్న మానిటర్ మీద ఏముందా అని కళ్ళు చిట్లించుకుని మరీ చూశాను. ఎక్సెల్ షీటు. అందులో ఏమీ లేదు, ఉత్త ఖాళీ షీటు. దానివంక సీరియస్‌గా చూస్తూ టకటకా కొట్టేస్తోంది. రెండు నిమిషాలకి హీరో ఫోన్ చేశాడు. "హాఫ్ డే లీవ్" అని లీడరుకి చెప్పి బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. (మాకు అలా ఇవ్వరండీ బాబూ.) అంతే, మళ్ళీ సినిమా అయ్యేదాకా ఆ ఆఫీసు మొహం చూపించలేదు.

"మీ ఆఫీసూ ఇలాగే ఉంటుందా?" అంది అమ్మ.

"గోడలు ఇలాగే ఉంటాయి."

"అది కాదే. పొద్దస్తమానం నువ్వక్కడ ఏం చేస్తావని?"

ఉద్యోగంలో చేరి ఆరేళ్ళు దాటింది. నేనెంత తింటున్నానో, ఎన్నింటికి పడుకుంటున్నానో, క్యాబ్ డ్రైవరు ఎలాంటివాడో అన్నీ అడుగుతుంది అమ్మ. ఈ ప్రశ్న మాత్రం ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. "కంప్యూటర్ పని" అనేది మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న సమాధానం. చెప్దామని నోరు తెరిచేలోపు పన్నెండుంబావుకి ఫోన్ మోగింది. ఆ ఫోన్ సంగతి తర్వాత చెప్తాను. ముందు నా గోల కాస్త వినండి.

మన సినిమాల్లో దొంగ ఎలా దొంగతనం చేస్తాడో చూపిస్తారు. ఏ వైరు కోశాడో, ఏ తాళం ఎలా తీశాడో వివరంగా చూపిస్తారు. పోలీసు కేసు ఎలా ఛేదిస్తాడో చూపిస్తారు. హీరో రైతయితే కనీసం ఓ పాటలో అయినా నాగలి పడతాడు. హీరోయిన్ ఉద్యోగం మాత్రం అడ్రసు లాంటిది. హీరో ఆవిణ్ణి ఎక్కడ కలవాలో చెప్పడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. కాలేజీ అయిపోయాక లవ్ స్టోరీ నడపడానికి ఓ చోటు కావాలి కాబట్టి ఆఫీసు. ఇంటర్వెల్ దాటాక ఆ ఉద్యోగం ఏమైందో ఎవరికీ గుర్తుండదు. రిజైన్ చేసిందా, లాస్ ఆఫ్ పే మీద ఉందా? :)

ఇది ఈనాటి సినిమా వాళ్ళు కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. మా అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఒక పుస్తకం ఉంటుంది, అట్టలు ఊడిపోయి, దారంతో కట్టి. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'. అరవైల్లో వచ్చిన నవల, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా అయింది. ఇంజనీరింగ్ మూడో ఏడాది సెలవుల్లో ఒక్క పగల్లో చదివేశాను. కింద పెట్టబుద్ధి కాలేదు, ఆవిడ చెయ్యి అలాంటిది. కానీ ఇప్పుడు తలుచుకుంటే గుర్తొచ్చేవి రాజశేఖరం దర్జా, జయంతి పౌరుషం, వాళ్ళిద్దరి కీచులాటలు. జయంతి ఆఫీసులో చేసిన పని ఒక్కటంటే ఒక్కటి గుర్తు రావట్లేదు. పుస్తకం పేరేమో ఆవిడ ఉద్యోగం! అలాగని తీసిపారేయడానికి లేదు. ఆ రోజుల్లో నవల పేరుగా ఒక అమ్మాయి ఉద్యోగాన్ని పెట్టడమే పెద్ద సంగతి. ఆ నవల చదివి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన అమ్మాయిలెంతమందో. మా అమ్మే ఒకర్తి. ఆ విషయం కూడా తర్వాత చెప్తాను.

తమాషా ఏంటంటే అదే 1976లో బాలచందర్ 'అంతులేని కథ' వచ్చింది. జయప్రద వేసిన సరిత అంటే నాకు ప్రాణం. తాగుబోతు అన్న, విధవ చెల్లెలు, కళ్ళు లేని తమ్ముడు, అందరూ ఆ ఒక్క జీతం మీద బతుకుతుంటారు. మొదటిసారి చూసినప్పుడు ఏడ్చాను, రెండోసారి చూసినప్పుడు కోపమొచ్చింది, మూడోసారి చూసినప్పుడు అనుమానమొచ్చింది. ఆ ఇంట్లో అందరికీ సరిత జీతం ఎంతో తెలుసు, ఏ తారీకున వస్తుందో తెలుసు. ఆవిడ ఆ రోజు ఆఫీసులో ఏం చేసొచ్చిందో అడిగినవాళ్ళు లేరు. బాలచందర్ కావాలనే అలా తీశారేమో కూడా. అలా అయితే ఆయనకో నమస్కారం.

ఈ అడగకపోవడం సినిమాల్లోనే ఉండిపోతే నాకేం ఇబ్బంది లేదు. టికెట్ డబ్బులు పోయాయనుకుని ఊరుకుంటాను. జూలైలో మా ప్రాజెక్టులో ఒక పెద్ద మైగ్రేషన్ మొదలైంది, ఏడాదిన్నర పని. పాత సిస్టమ్‌లో ఏ మూల ఏ పురుగుందో టీమ్ మొత్తం మీద నాకే ఎక్కువ తెలుసు (గొప్పలు కాదు, వాటిలో సగం కరిచింది నన్నే). లీడ్ నేనే అని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. మేనేజరు వేరే అబ్బాయికిచ్చారు. అడిగితే ఎంతో ఆప్యాయంగా చెప్పారు: "మీ ఇంట్లో సంబంధాలు చూస్తున్నారట కదా. మధ్యలో నీకు ఇబ్బంది అవుతుందని.." నిజంగానే మంచాయన. గొంతెత్తి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు, వాళ్ళమ్మాయిని ఇంజనీరింగ్ చదివిస్తున్నారు. ఆయన బుర్రలో కూడా ఆ సినిమాయే ఆడుతోంది, అంతే. నాకు ఇంటర్వెల్ దగ్గరపడింది, ఆ తర్వాత ఆఫీసు సీన్లుండవు. ఇంకో తమాషా చెప్పనా? ఆ లీడ్ తీసుకున్న అబ్బాయికి అప్పటికే ముహూర్తం పెట్టేశారు. ఆగస్టులో పెళ్ళి, పదిహేను రోజులు సెలవు, బాలి నుంచి ఫొటోలు. ఆ మైగ్రేషన్‌కి ఏ ఇబ్బందీ కాలేదు. ఆ పదిహేను రోజులూ అతని పని ఎవరు చూశారో మీరే ఊహించుకోండి.

మీకు గుర్తుండే ఉంటుంది, 2025 జనవరిలో ఎల్ అండ్ టి ఛైర్మన్ గారు వారానికి తొంభై గంటలు పనిచేయాలని, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్యని ఎంతసేపని చూస్తూ ఉంటారని అన్నారు. అంతకుముందు 2023 అక్టోబరులో నారాయణమూర్తి గారు యువత డెబ్భై గంటలు పనిచేయాలన్నారు. మా ఆఫీసులో అందరూ డెబ్భైకీ తొంభైకీ తేడా ఎంత, నిద్రకి ఎంత మిగులుతుంది అని లెక్కలేసుకుని తిట్టుకున్నారు. నాకు గుచ్చుకుంది గంటలు కాదు. ఆ వాక్యంలో ఉద్యోగి అంటే భార్య ఉన్నవాడు. ఇంట్లో ఉన్నది చూడబడే మనిషి. మరి నేనెవర్ని ఆ వాక్యంలో? వారానికి యాభై అయిదు గంటలు పనిచేసి కూడా నాకు అందులో కుర్చీ దొరకలేదు.

సరే, ఏడుపు ఆపి మంచి సంగతులు కూడా చెప్పుకుందాం. పని కనిపించే కథలు లేకపోలేదు. తరుణ్ భాస్కర్ 'పెళ్ళిచూపులు' (2016)లో చిత్రకి హీరో మీద కంటే ఫుడ్ ట్రక్కు మీద ధ్యాస ఎక్కువ. వాళ్ళిద్దరి మధ్య సగం గొడవలు పని గురించే. ఆ సినిమా మా హాస్టల్లో అంతగా ఎందుకు నచ్చిందో అప్పట్లో మాకు మాటల్లో పెట్టడం రాలేదు, విజయ్ దేవరకొండ వల్ల అనుకున్నాం :) అదే ఏడాది వచ్చిన 'హిడెన్ ఫిగర్స్' చూశారా? అందులో డొరొతీ వాన్ ఉంటుంది. లెక్కలు చేతితో చేసే నల్లజాతి ఆడవాళ్ళందరికీ పెద్ద దిక్కు. నాసాకి ఐబీఎం యంత్రం వస్తోందని తెలియగానే, అది వస్తే తమ ఉద్యోగాలు పోతాయని అందరికంటే ముందు ఈవిడకి అర్థమవుతుంది. వెంటనే ఫోర్‌ట్రాన్ తను నేర్చుకుని, తన వాళ్ళందరికీ నేర్పిస్తుంది. ఇది కల్పన కాదు, నిజంగా జరిగింది. ఇవాళ ఏఐ వచ్చి మనందరి ఉద్యోగాలూ మింగేస్తుందని క్యాంటీన్‌లో బెంగ పెట్టుకున్నప్పుడల్లా నాకావిడే గుర్తొస్తుంది. సినిమాలో ఆ ఆడవాళ్ళంతా వరసగా నడుచుకుంటూ కంప్యూటర్ గదిలోకి వెళ్ళే సీన్ ఉంది చూడండి.. మన హీరోల స్లో మోషన్ ఎంట్రీలు దాని ముందు దిగదుడుపు.

పుస్తకాల్లో అయితే ఎలెన్ ఉల్‌మన్ 'ది బగ్' చదవమని నాకు తెలిసిన టెస్టర్లందరికీ చెప్తాను. చాలా ఏళ్ళు ప్రోగ్రామరుగా పనిచేసిన ఆవిడ 2003లో రాసిన నవల. కథ 1984లో జరుగుతుంది. రాబర్టా అనే టెస్టరుకి ఒక బగ్ దొరుకుతుంది. ఒకసారి వస్తుంది, మళ్ళీ చూద్దామంటే రాదు. నవలంతా ఆ బగ్ వెంటే. ఆఫీసులో ఒకళ్ళనొకళ్ళు ఎలా చూసుకుంటారు, "నా మెషీన్లో పనిచేస్తోందే" అనేవాడి మొహం ఎలా ఉంటుంది, బగ్ దొరకని రాత్రి ఇంటికెళ్తే అన్నం ఎందుకు సహించదు.. నలభై ఏళ్ళ కిందటి అమెరికా ఆఫీసు గురించి చదువుతూ మాదాపూర్లో నా క్యూబికల్లో కూర్చున్నట్టే అనిపించింది.

తెలుగులో నాకు దొరికిన నిధి సోమరాజు సుశీల గారు. 'ఇల్లేరమ్మ కథలు' చాలామంది చదివే ఉంటారు. నేను చెప్పేది 'చిన్న పరిశ్రమలు - పెద్ద కథలు' గురించి. ఆవిడ రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసి, పుణెలో నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పనిచేసి, తర్వాత హైదరాబాదులో సొంతంగా చిన్న పరిశ్రమ నడిపారు. ఆ పరిశ్రమ తిప్పలే కథలు. పకపకా నవ్విస్తూనే, చిన్న పరిశ్రమ నడిపేవాళ్ళ కడుపులో మంట ఎంతో తెలిసేలా రాశారు. ఆవిడ 2019లో వెళ్ళిపోయారు. సాఫ్ట్‌వేర్ గురించి అలాంటి పుస్తకం తెలుగులో మనలో ఎవరైనా రాస్తే బాగుండు. ఆన్‌సైట్ గురించి, మంచులో ఒంటరితనం గురించి, ఆవకాయ మీద బెంగ గురించి కథలు చాలానే చదివాను. ఆన్‌సైట్‌కి వెళ్ళి అక్కడ చేసిన పని గురించి మాత్రం ఎవరూ ఒక పేరా రాయరు!

ఇంతకీ ఆ ఫోన్.

మా క్లయింటు అమెరికాలో న్యూయార్క్ టైములో ఉండే కంపెనీ. వాళ్ళకి సరుకు పంపేవాళ్ళకి చెల్లింపుల ఫైలు రోజూ రాత్రి ఒంటిగంటన్నరకి తయారవుతుంది. మొన్న ఎండాకాలంలో ఆ టైముకి మార్చారు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ రాత్రి రెండింటికి గడియారం గంట వెనక్కి తిప్పుతారని మీకు తెలుసు కదా. అంటే ఆ రాత్రి ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. మా దగ్గరున్నది ఎవరో మహానుభావుడు ఎప్పుడో సొంతంగా రాసిన షెడ్యూలరు. దాన్ని యూటీసీలోకి మార్చాలని నేను టికెట్ వేసి రెండేళ్ళయింది, బ్యాక్‌లాగ్‌లో హాయిగా నిద్రపోతోంది. మన టైములో పదకొండింటికి ఒక ఫైలు, పన్నెండింటికి ఇంకో ఫైలు వెళ్ళిపోయాయి. బ్యాంకు వాటిని ఎత్తుకునేది వాళ్ళ ఆదివారం సాయంత్రం ఆరింటికి, అంటే మనకి తెల్లవారుజామున నాలుగున్నరకి. రెండోది తీసి పారేస్తే సరిపోదా అంటారేమో, సరిపోదు. ఆ గంటలో కొత్తగా ఆమోదం పొందిన చెల్లింపులు ముప్ఫై ఏడు అందులో ఉన్నాయి. నాలుగు వేల పైచిలుకు డూప్లికేట్ల మధ్యలోంచి వాటిని ఏరాలి, ఖాతాల్లో పడిన ఎంట్రీలు వెనక్కి తిప్పాలి, క్లయింటు వైపు మనిషిని నిద్ర లేపి అనుమతి తీసుకోవాలి.

టీవీ కట్టేసింది అమ్మ. చిక్కుడుకాయల చేట తీసేసింది. ఫోన్లో "డూప్లికేట్ పేమెంట్స్" అన్న మాట నాలుగోసారి వినగానే మెల్లిగా "నీ మీదకేమన్నా వస్తుందా?" అని అడిగింది. రాదని చెప్పి, ఏం జరిగిందో చెప్పాను. నమ్మలేదు.

"ఒంటిగంటన్నర రెండుసార్లేంటే? మరి పంచాంగంలో ఎలా రాస్తారు?"

ఎన్నో ఏళ్ళ నుంచి డేట్ టైమ్ లైబ్రరీలు రాసేవాళ్ళని వేధిస్తున్న ప్రశ్న అది. నాకు నవ్వాగలేదు, కాల్‌లో ఉన్నవాళ్ళు ఏమైందన్నారు.

అన్నం అక్కడికే తెచ్చి పెట్టింది. రాత్రి పదింటికి పడుకోమన్నాను, పడుకోలేదు. నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, స్క్రీన్ మీద వరసలు కదులుతుంటే చూస్తూ, మధ్యలో లేచి టీ పెడుతూ ఉంది. ముప్ఫై ఏడు చెల్లింపులూ ఒక్కోటీ సరిచూసేటప్పుడు నేను నంబరు చదివితే తను కాగితం మీద టిక్కు పెట్టింది. (సెక్యూరిటీ వాళ్ళు ఇది చదవకుందురు గాక. అందులో పేర్లు లేవు, ఉత్త సీరియల్ నంబర్లే.) ముప్ఫై ఒకటో నంబరు రెండుసార్లు చదివాను. ఆపింది. "అది ఇందాకే అయిపోయింది" అంది. రెండూ నలభైకి అంతా సర్దుకుని, కొత్త ఫైలు పంపి, లాప్‌టాప్ మూశాను.

నిద్ర రాలేదు ఇద్దరికీ. అప్పుడు చెప్పింది. పెళ్ళికి ముందు, 1992లో, టైపు హయ్యర్ పాసై మా ఊరి దగ్గర మండలాఫీసులో ఎనిమిది నెలలు టెంపరరీ టైపిస్టుగా చేసింది. చేసిందని నాకు తెలుసు. ఏం చేసిందో తెలీదు. స్టెన్సిల్ కొట్టాలంటే మెషీన్ మీద రిబ్బన్ని తప్పించి కొట్టాలిట. అక్షరం నల్లగా పడదు, తప్పు కొట్టినా వెంటనే కనపడదు. తప్పు పడితే ఎర్ర ద్రవం ఒకటి రాసి, ఊది, ఆరాక దాని మీదే మళ్ళీ కొట్టాలి. ఆ ఎండాకాలం నీటి ఎద్దడి. ఏయే ఊళ్ళకి ట్యాంకర్లు పంపాలో లిస్టు తెల్లారేసరికి కలెక్టరు గారి మీటింగుకి కావాలి. కరెంటు లేదు. లాంతరు పెట్టుకుని పద్నాలుగు స్టెన్సిళ్ళు కొట్టింది. సైక్లోస్టైల్ మెషీన్ మీద కాపీలు తీస్తుంటే మూడో కాపీ దగ్గర చూసుకుంది, ఒక ఊరి పేరు ఎగిరిపోయింది.

"ఎవరూ చూడలేదు. చెప్పకపోయినా తెలిసేది కాదు. కానీ పేరు లేకపోతే ట్యాంకరు రాదు కదే." ఆ స్టెన్సిల్ చించేసి మళ్ళీ మొదటినుంచి కొట్టింది. ఊరి పేరు ఇప్పటికీ గుర్తుంది తనకి. ఆ ఊళ్ళో చుట్టాలెవరూ లేరు, ఎప్పుడూ వెళ్ళలేదు కూడా.

"ఇది నాన్నకి చెప్పావా ఎప్పుడైనా?"

"ఎవరడిగారు?" అంది, గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్తూ.

ముప్ఫై మూడేళ్ళు! నేను జయంతిని పట్టుకుని వేలాడుతున్నాను, మా ఇంట్లో ఉన్న టైపిస్టుని నేనే ఒక్కసారీ అడగలేదు.

మైగ్రేషన్ లీడ్ సంగతి ఇంకా తేలలేదు. ఈ ఆదివారం సంగతంతా రిపోర్టు రాసి, యూటీసీ టికెట్ నంబరు రెండుచోట్ల బోల్డ్‌లో పెట్టి పంపించాను. దాంతోపాటే రెండో దశ లీడ్ నాకు కావాలని, నా పెళ్ళి గురించిన ప్లానింగ్ నాకే వదిలేయమని మర్యాదగానే రాశాను. ఏప్రిల్లో చూద్దామన్నారు.

ఆ వారంలోనే మా పెద్దత్త ఫోన్ చేసింది, ఏదో సంబంధం గురించి. స్పీకర్లో పెట్టి బెండకాయలు తరుగుతోంది అమ్మ. అబ్బాయి బెంగుళూరు, వాళ్ళకి అన్నీ నచ్చాయి, కాకపోతే పెళ్ళయ్యాక అవసరమైతే ఉద్యోగం మానేస్తుంది కదా అని అడుగుతున్నారట. ఇలాంటప్పుడు మా అమ్మ ఎప్పుడూ "అప్పటి సంగతి కదా వదినా, చూద్దాంలే" అంటుంది. ఈసారి కత్తి కింద పెట్టింది.

"అదెలా మానేస్తుంది వదినా? అసలది ఏం పని చేస్తుందో వాళ్ళనడగమను ముందు. మొన్న ఆదివారం అమెరికాలో గడియారాలన్నీ పాడైపోయాయి. మా అమ్మాయే రాత్రంతా కూర్చుని సరిచేసింది."

అటువైపు నుంచి పెద్దత్త "అన్నీనా?" అంది.

నేను సరిదిద్దలేదు.